అరుపు వింటే లేవద్దు

నిజామాబాదులో ఆ గల్లీ మొత్తానికి కలర్ టీవీ ఉన్నది ప్రమీలమ్మ ఇంట్లోనే. భర్త దేవిదాస్ బోధన్‌కు చెరకు లారీ తోలేవాడు. ఆమె ఇంట్లో బీడీలు చేయించేది. చేయించేది అనే అనాలి మరి, ఆమె వేలికి ఏనాడూ పొగాకు దుమ్ము అంటింది లేదు! బడికి పోవలసిన గల్లీ పిల్లలను సినిమా ఆశ చూపి పిలిచి, ముందు గదిలో కూర్చోబెట్టి బీడీల మొనలు మడిపించేది. పాటల సినిమా పెడితే కునుకు తీస్తారు. నరుకుళ్లు ఉన్నదైతే కళ్లు మూయరు, వేళ్లు ఆగవు. ఈ మర్మం తెలిసింది మొదలు ఆమె కిరాయికి తెచ్చేవన్నీ నెత్తుటి క్యాసెట్లే. సౌండు గల్లీ చివరిదాకా వినబడాల్సిందే.

కూతురు జమున మాత్రం లేకలేక పుట్టిన బిడ్డ. ఆ చావులు చూస్తే జడుసుకుంటుందని వెనక గదిలో బొమ్మలిచ్చి కూర్చోబెట్టేది. కాకి పిల్ల కాకికి ముద్దు. మిగతా పిల్లలకు జడుపుండదా అంటే, వాళ్లకు ఉండటానికి వీల్లేదు.

ఒకనాడు తెరమీద ఎవరినో నరుకుతుంటే భీమవ్వ అనే పిల్ల వణికిపోయి లేచింది. ఒళ్లోని బీడీలన్నీ నేలపాలయ్యాయి. ప్రమీలమ్మ ఆకులు కోసే కత్తెర తిరగేసి దాని వేళ్ల కణుపుల మీద కొట్టింది. పిల్ల ఏడుపు టీవీ మోతలో కలిసిపోయింది.

"అరుపు ఇనవడితె లేస్తవా? ఇంకోసారి ఎవలు లేసినా గిదే గతి. ఎవలన్న సావనీ, మీ చేతులు ఆగొద్దు."

పాపం, మంచి పిల్లలు. చెప్పింది నేర్చుకున్నారు.

ముసురు పట్టిన రోజుల్లో బీడీలు చెమ్మగిల్లుతాయని వెనక గదిలో కుంపటి పెట్టింది. దాని దగ్గరికి పోవద్దని జమునకు చెప్పి, టీవీ పెట్టి, కట్టలు అప్పజెప్పడానికి కార్ఖానాకు పోయింది. తిరిగొచ్చేసరికి గడపలోనే గుడ్డ కాలిన వాసన కొట్టింది. ముందు గదిలో పిల్లలు వరుసగా కూర్చుని మొనలు మడుస్తున్నారు. వెనక గదిలో గౌనంతా కాలి జమున నేల మీద పడి ఉంది. ఒళ్లింకా వేడిగానే ఉంది, ఊపిరి లేదు.

పక్కింటి శంకరమ్మ కూడా అరుపులు విన్నదట, టీవీ అనుకుందట.

ప్రమీలమ్మ ముందు గదిలోకి వచ్చి భీమవ్వ జుట్టు పట్టుకుని, వినబడలేదానే అని అడిగింది.

"ఇనవడ్డది పెద్దమ్మా. శానసేపు అర్సింది. మేం ఎవ్వలం లేవలే."

అంటూనే ఆ పిల్ల వేళ్లు ఒళ్లో దాచుకుంది.