మా అమ్మ కట్టిన కోడలి వేషం

మా జలంత్రకోటలో మా అమ్మ బంగారమ్మతో వాదించి గెలిచినవాడు లేడు. కొబ్బరికాయల బేరగాడు గెలవలేదు, కరెంటు మీటరు చూడ్డానికొచ్చినవాడూ గెలవలేదు, మా నాన్న సంగతి సరేసరి. ఆయన బతికినన్నాళ్లూ ‘నీదే రైటు’ అన్న ఒక్క మాటతో కాపురం నెట్టుకొచ్చాడు. నేను ఆయన కొడుకుని, పేరు లోకనాథ్. జీడి, కొబ్బరి తోటలు చూసుకుంటాను, ఇంట్లో నోరెత్తను.

అలాంటి ఇంట్లో ఈ వేసవిలో నిప్పు రాజుకుంది. నా భార్య ప్రవల్లిక నాకు మేనమామ కూతురే. అంటే మా అమ్మకు సొంత మేనకోడలు. అయితేనేం, మేనత్తయినా అత్త అత్తే. పలాసలో ‘కెరటం’ అనే కళాసంఘం ఉంది. బడిపిల్లలకు నాటకాలు నేర్పిస్తారు, ఊరూరా తిరిగి ఆడిస్తారు. వాళ్లు మా ఊరి బడికి వచ్చినప్పుడల్లా ప్రవల్లిక సాయం వెళ్లేది. ఒకసారి ఎలుగుబంటి వేషం కట్టి పిల్లలు పడీపడీ నవ్వేలా చేసింది. తోటల్లో నిజం ఎలుగులు తిరిగే ఊళ్లో, ఎలుగుని చూపించి నవ్వించడం మాటలు కాదు!

అది చూసి సంఘం నడిపే ఇందుమతి మేడమ్ ఆమెను ఉద్యోగానికి పిలిచారు. ముందు టెక్కలిలో శిక్షణ, ఆ తర్వాత ఉద్దానం ఊళ్లలో పిల్లలకు నాటకం నేర్పే టీచరు. ఆ కబురు విన్న రోజు ప్రవల్లిక అన్నం తినడం కూడా మర్చిపోయింది.

మా అమ్మ ఒక్క ముక్కలో తేల్చేసింది. “జీడిపిక్కలు రాలీ కాలంలో నాటకాలేటి? ఎల్లడం నేదు.”

“బావా, నువ్వయినా సెప్పు,” అని ప్రవల్లిక నా వైపు చూసింది. నా పని అడకత్తెరలో పోకచెక్క అయింది. ఆవుకి గడ్డి వెయ్యాలని చెప్పి దొడ్లోకి జారుకున్నాను. సిగ్గుగానే ఉంది, కానీ ఏం చెయ్యను, మా నాన్న పోలిక.

ఆదివారం సాయంత్రం ఇందుమతి మేడమ్ మా బడి ఆవరణలో పెద్దవాళ్లకు నాటకం క్లాసు పెట్టారు. శిక్షణ మర్నాడే మొదలు. వస్తుందో రాదో ప్రవల్లిక ఆ సాయంత్రమే చెప్పాలి, లేదంటే ఆ చోటు ఇంకొకరికి పోతుంది. ‘మా కోడలు రాదు’ అని మేడమ్ మొహం మీదే చెప్పడానికి మా అమ్మ కొంగు బిగించి బయల్దేరింది. వెనకాలే నేనూ వెళ్లి, గోడవారన మగాళ్ల మధ్య నిలబడ్డాను.

మేము వెళ్లేసరికి ఒక ఆట నడుస్తోంది. ఇంట్లో ఎప్పుడూ గొడవపడే ఇద్దరు ముందుకొచ్చి, ఒకరి పక్షం ఒకరు తీసుకుని వాదించాలి. మా వీధిలో ఉండే భాను, అతని భార్య అప్పటికే పక్షాలు మార్చుకుని వాదించి అందర్నీ నవ్వించి కూర్చున్నారు. అంతలో ప్రవల్లిక చటుక్కున లేచింది.

“మేడమ్, నానూ మా అత్తా! నాను అత్త, ఆవిడ కోడలు.”

“నానా? నాటకమా? ఛీ, ఊరుకో!” అంది మా అమ్మ.

వెనక నుంచి ఎవరో అన్నారు: “పోన్లే పాపం, బంగారమ్మకి మాటాడ్డం రాదు కదేటి.”

అంతే. మా అమ్మ మధ్యలోకి వెళ్లి నిలబడింది.

ప్రవల్లిక కొంగు నడుముకి దోపి, గడ్డం పైకెత్తి, నడుం మీద చెయ్యి పెట్టుకుంది. అచ్చం మా అమ్మే! ఆవరణంతా గొల్లుమంది. మా అమ్మ కూడా నవ్వింది, ఎవర్ని చూసి నవ్వుతున్నారో ఆమెకు ఇంకా తెలీలేదు.

“ఏటే పిల్లా, రేపు టెక్కలి ఎల్తావటా? పిక్కలెవులు ఏరతారే?” అంది ప్రవల్లిక.

కొబ్బరి బేరం మొదలయ్యే ముందు మా అమ్మ కళ్లు చిన్నవవుతాయి. ఇప్పుడూ అలాగే అయ్యాయి.

“నీ కొడుకున్నాడు కాదేటి! ఆడికి నడుం వంగదా? కొత్తల్లుడునాగ మంచమ్మీద కూకోడానికే కన్నావా?”

మగాళ్లందరూ నా వైపు తిరిగారు. నేను ఆకాశంలోకి చూశాను.

“మరి ఇంట్లో వంటెవులు సేత్తారు?”

“నాను రాకముందు ఈ ఇంట్లో అందరూ గాలి బోంచేసినారేటి? నీ సేతులకేటయింది?”

ఈలలు మొదలయ్యాయి. ఇది ఎటు పోతోందో నాకు అర్థమైంది, మా అమ్మకు అర్థం కాలేదు! దేవుడా, ఇంకాసేపు అర్థం కాకుండా చూడు అని మొక్కుకున్నాను.

“నాటకాలాడీ కోడలని లోకం నవ్వుతాది!”

“నవ్వనీ! నవ్వించడానికే కదా నాటకం. నన్ను ఏడిపిత్తన్నది నువ్వు గాని లోకం కాదు.”

“నా రోజుల్లో నాను గడప దాటినానా?”

ఈసారి మా అమ్మ గొంతు మారింది. “నిన్ను ఎల్లనివ్వనేదని నన్నూ ఆపుతావా అత్తా? నీకు కూడెట్టనేదని నన్నూ పస్తుండమంటావా?”

చప్పట్లు మోగిపోయాయి. ఇక మాటలతో పని కాదని ప్రవల్లిక ఆఖరి ఆయుధం తీసింది. గుండె పట్టుకుని నేల మీద కూలబడింది. “అమ్మో, నా గుండె! సచ్చిపోతన్నానర్రా! కోడలు సంపేసింది!”

నేను కళ్లు మూసుకున్నాను. మా ఇంట్లో ఏ వాదం ముదిరినా మా అమ్మ చివర్లో చేసే పని అదే. ఆ సంగతి వీధి వీధంతటికీ తెలుసు.

“లే, లే!” అంది మా అమ్మ. “గుండె నొప్పొచ్చినోలు ఇంత గట్టిగా అరుత్తారేటి? ఇదంతా నాటకం. ఓ గ్లాసు టీ ఇత్తే లెగిసి కూకుంటావు. నాకు తెల్దేటి!”

బడి పెంకులు ఎగిరిపోయేలా నవ్వారు జనం. నేను గెంతుతున్నానని పక్కవాడు భుజం పట్టుకుని ఆపేదాకా నాకే తెలీలేదు.

“అయితే ఎల్తానంటావా?” అని నేల మీంచి అడిగింది ప్రవల్లిక.

“అంటానేటి, ఎల్తాను! రేపు మొదటి బస్సుకే ఎల్తాను! ఏటి సేత్తావో సేసుకో!”

“ఓడిపోయినాను తల్లీ. ఎల్లు,” అని ప్రవల్లిక దండం పెట్టింది.

“ఎవరు గెలిచారు?” అని ఇందుమతి మేడమ్ అడిగారు. “కోడలు!” అని ఊరంతా ఒక్క గొంతుతో అరిచింది. మా అమ్మ గర్వంగా చెయ్యి పైకెత్తింది. ఆ చెయ్యి సగంలో ఆగిపోయింది. ప్రవల్లికని చూసింది, నన్ను చూసింది. గబగబా ఇంటికి నడిచింది.

మేమిద్దరం వెనకాలే పరుగెత్తాం. ఆమె అరుగు మీద కూర్చుంది. ప్రవల్లిక దగ్గరికెళ్లి, “నీకిట్టం నేకపోతే ఎల్లను అత్తా,” అంది. నిజంగానే అంది.

“నోర్ముయ్. గెలిసింది నాను,” అంది మా అమ్మ. “బేగెల్లి బట్టలు సర్దుకో. పొద్దున్న బస్సు దాటిపోతాది.”

ప్రవల్లిక కేక పెట్టి ఆమెను కావలించుకుని, ఇంట్లోకి పరుగెత్తింది. నేను అమ్మ పక్కన కూర్చున్నాను.

“అన్ని మాటలు అప్పటికప్పుడు ఎలాగొచ్చినాయమ్మా?”

“అప్పటికప్పుడేటి? నాను కొత్త కోడలిగా ఉన్నప్పుడు సోంపేటలో కుట్టు మిసను నేర్పుతారంటే ఎల్తానన్నాను. పిక్కలెవులు ఏరతారంది మా అత్త.” లోపల బట్టలు సర్దుతున్న చప్పుడు వైపు ఓసారి తల తిప్పింది. “ఆవిడతో అనాలని దాసుకున్న మాటలురా అయి. ఆవిడ పోయీదాకా ఒక్కటీ నోటంట రానేదు.”

మా అమ్మ ఆ నోటితోనే పుట్టిందనుకున్నాను నేను. ఆమె నా చెయ్యి గట్టిగా పట్టుకుని ఊపేసింది.

“ఇయ్యాల అనీసినాన్రా నాయినా! ఊరందరి ముందరా అనీసినాను!”