అవతలి తాళంచెవి

తాళాలాయనకు ముక్కు మీదే కోపం. పని నేర్పినన్నాళ్లూ ఆ కోపమంతా కూతురి మీదే చూపించాడు. పాతికేళ్లొచ్చినా ఆమెను ఇంట్లోనూ వీధిలోనూ పిడుగనే పిలుస్తారు. కళ్లకు గుడ్డ కట్టి, తాళం తెరిచే రెండు తీగలు చేతికిచ్చి, "కళ్లతో కాదే, వేళ్లతో చూడు" అని సతాయించేవాడు. వేళ్లు కాయలు కాసేదాకా వదల్లేదు.

ఒక్క మాట మాత్రం చెవిలో ఇల్లు కట్టుకుని పోరేవాడు.

"తీగ పెట్టగానే అవతల తాళంచెవి తగిలిందా, లోపల మనిషున్నట్టే. తీగ బయటికి లాగు. తలుపు తట్టు. మనిషి పలికాకే పని."

"పలికేవాళ్లుంటే వాళ్లే తీసుకుంటారుగా నాన్నా!"

"తియ్యట్లేదంటే ఎందుకు తియ్యట్లేదో అడగవే, మొద్దుమొహమా!"

ఆయన చూపు మందగించి కొట్టుకే పరిమితమయ్యాక, పిడుగుకు మొదటిసారి ఒంటరిగా పనికెళ్లే అవకాశం వచ్చింది. వచ్చినవాడు ఇస్త్రీ చొక్కా వేసుకున్న పెద్దమనిషి. పడగ్గదికి తాళం పడిపోయిందనీ, చెవి ఎక్కడో పోయిందనీ, ఇంట్లో ఎవరూ లేరనీ చెప్పాడు. పిడుగు సంచి భుజాన వేసుకుని ఎగిరి గంతేసినంత పని చేసింది.

తలుపు ముందు మోకాళ్ల మీద కూర్చుని తీగ పెట్టింది. అవతల చెవి తగిలింది.

చెయ్యి ఆగింది. తట్టాలి. తెలుసు. కానీ వెనక ఆ మనిషి, "ఆడపిల్లవైనా ఎంత ధైర్యమమ్మా! మీ నాన్నను మించిపోతావు" అంటున్నాడు. చక్కగా మునగచెట్టెక్కించాడు, ఈ పిచ్చిది ఎక్కేసింది. ఇప్పుడు తట్టి, లోపల ఎవరూ లేకపోతే నవ్వుతాడేమో అనుకుంది. తీగతో చెవిని అవతలికి నెట్టేసింది. అది లోపల గచ్చు మీద ఠంగుమని పడింది. ఆ వెంటనే ఎవరో ఊపిరి బిగబట్టిన చప్పుడు వినిపించింది.

విన్నది. అయినా వేళ్లు అప్పటికే సగం పనిలో ఉన్నాయి. నేర్చిన వేళ్లు కదా, ఆగమంటే ఆగుతాయా? తాళం తిరిగింది.

లోపల మంచానికీ గోడకీ మధ్య ఒకామె ఒదిగి కూర్చుని ఉంది. చెంప వాచింది. పక్కన సర్దిన సంచి. తలుపుకు గడియ ఉండాల్సిన చోట మరమేకుల బెజ్జాలు తప్ప ఏమీ లేవు. ఆమె మొగుడి వంక చూడలేదు. పిడుగు వంకే చూసింది.



"ఇక నీ పనైపోయింది, వెళ్లు" అన్నాడతను, తలుపు మూయబోతూ. పిడుగు పనిముట్ల సంచిని గడపలో పడేసి, దాని పక్కనే పాదం పెట్టింది. మెట్లు దద్దరిల్లేలా కేకలు పెట్టింది. పై వాటావాళ్లూ కింది వాటావాళ్లూ బిలబిలమంటూ వచ్చారు. అంతమంది ముందు అతనికి ఒక్కసారిగా మర్యాద గుర్తొచ్చింది. "మా ఆడదానికి మతి సరిగా లేదండీ" అంటూ పక్కకు తప్పుకున్నాడు. ఆమె తన సంచి పట్టుకుని గబగబా మెట్లు దిగింది.

పిడుగు ఆమెను తమ కొట్టుకు తీసుకొచ్చింది. ఆమె అక్క వచ్చి తీసుకెళ్లాలి. అందాకా కొట్లో కూర్చోమన్నాడు తాళాలాయన. విషయమంతా విన్నాడు. తిడతాడని పిడుగు ఎదురుచూసింది, తిడితే బావుండునని కూడా అనుకుంది. ఆయన అడిగింది ఒక్కటే.

"చెవి తగిలిందా?"

"తగిలింది నాన్నా."

ఆయన తల పక్కకు తిప్పుకున్నాడు. తెరవడం నేర్పినంత ఓపికగా ఆగడం నేర్పలేదని ఆయన బాధ. నేర్పినా వినలేదని ఆమె సిగ్గు. 

మాట్లాడింది ఆ వచ్చినామే. గోడ నిండా వేలాడుతున్న తాళాల్ని చాలాసేపు చూసింది.

"బాబాయ్, రేపు ఎక్కడున్నా తలుపుకో తాళం కావాలి. మీ అమ్మాయి తెరవలేనిది ఒకటివ్వండి."

వెటకారం కాదు. నిజంగానే అడిగింది.

తాళాలాయన కూతురి వైపు తిరిగాడు. పిడుగు లేచి గోడ దగ్గరికెళ్లింది. పెద్దవి, చిన్నవి, పాతవి, కొత్తవి ఒక్కోటీ చేత్తో తాకి చూసింది. ప్రతిదీ తెరవడం ఆమెకు తెలుసు. చివరిదాకా వెళ్లి, గోడ వైపు తిరిగే నిలబడిపోయింది.