ముఖం సరిపోలలేదు

ఫోను మూడోసారి కూడా కాదంది.

"ముఖం సరిపోలలేదు" అని ఎర్రక్షరాలు పడ్డాయి. అంగన్‌వాడీ టీచరు సుందరి ఫోను తిప్పి దీనమ్మకి చూపించింది. దీనమ్మకి చదువు రాదు. ఎరుపంటే ఏమిటో మాత్రం ఈ రూలొచ్చిన మూడు నెలల్లో తెలిసొచ్చింది.

"ఈ నెల కూడా లేవాండీ గుడ్లు?"

"నన్నేం చెయ్యమంటావు దీనమ్మా! పిల్ల తల్లి మొహం కావాలంటోంది ఫోను. సువార్తని తీసుకురా, ఇప్పుడే ఇచ్చేస్తాను."

సుందరి నోరు జారింది. దీనమ్మ కూతురు సువార్త కువైట్‌లో ఉంది. పిల్లకి పాలు మాన్పించి, పరాయింటి పిల్లల్ని సాకడానికి వెళ్ళి ఏడాది దాటింది. ఇక్కడున్నప్పటి నంబరు ఆగిపోయింది. తల్లి బదులు అమ్మమ్మ పేరు ఎక్కించాలంటే ఆ నంబరుకే మెసేజీ రావాలి.

దీనమ్మ చంకలో రెండేళ్ళ కెజియా ఉంది. మెడ నిలవనట్టు అమ్మమ్మ భుజం మీద వాలిపోయి, బల్ల మీదున్న గుడ్ల అట్టల వైపే చూస్తోంది.

"ఆయ్, ఎల్లొస్తానండి," అని దీనమ్మ గుమ్మం దిగబోయింది.

పిల్లని తూచి పంపాలి. అదీ రూలే. సుందరి వెనక్కి పిలిచి తూచింది. ఏడు కిలోలు. పోయిన నెల ఏడున్నర. ఆ అంకె కొట్టగానే ఫోను పచ్చగా వెలిగి తీసుకుంది. పిల్ల చిక్కిపోయిందని రాసుకోవడానికి దానికి ఎవరి మొహమూ అక్కర్లేకపోయింది.

పదకొండేళ్ళుగా దీనమ్మ వాళ్ళ పేట పిల్లలంతా సుందరి కలిపిన ముద్ద తిన్నవాళ్ళే. ఆమె కూడా కూలికెళ్ళే తల్లి కడుపున పుట్టిందే. అయినా ఇవ్వలేదు. ఇస్తే సరుకు తేడా వస్తుంది, తేడా వస్తే మెమో వస్తుంది, ఆపైన ఉద్యోగం పోతుంది. వారం తిరిగేసరికి పంచకుండా ఉంచిన గుడ్లు కుళ్ళేయి. ఆయాకి చెప్పకుండా తనే కొబ్బరితోటలో గొయ్యి తీసి పాతేసింది. ఎవరూ చూడలేదు. ఎవరైనా చూసి నాలుగు తిట్టి ఉంటే బాగుండుననిపించింది.

పది రోజులకి కెజియాకి విరేచనాలు పట్టుకున్నాయి. ఒంట్లో ఏం మిగిలిందని తట్టుకుంటుంది? అమలాపురం ఆసుపత్రిలో చేర్చేరని విని సుందరి పరిగెత్తింది. ఆమె వెళ్ళేసరికి డాక్టరమ్మ పిల్ల రెక్క పట్టుకుని చూస్తూ కసురుతోంది.

"ఇంతయ్యేదాకా ఏం చేస్తున్నారమ్మా? మీ ఊళ్ళో అంగన్‌వాడీ లేదా? గుడ్లూ పాలూ ఇవ్వట్లేదా?"

సుందరి నోరు తెరవబోయింది. దీనమ్మ అడ్డం వచ్చింది.

"ఎందుకివ్వరండి, ఇత్తన్నారండి! మా టీచరుగారు బంగారంలాంటి మనిషండి. పిల్లే తినదండి, మొండిది."

డాక్టరమ్మ దీనమ్మని పట్టుకుని దులిపేసింది. దీనమ్మ అన్నీ పడింది.

వరండాలోకి వచ్చేక సుందరి అడిగింది. "ఎందుకలా చెప్పేవు దీనమ్మా?"

"మరేం చెప్పమంటారండి? మీ మీద చెపితే మీకు మాటొస్తది. పిల్ల బతికితే రేపు మళ్ళీ మీ గుమ్మంలోకే కదండీ తేవాలి."

తిట్టి ఉంటే సుందరి పడేది. ఈ మాట పడలేకపోయింది. తిరుగు బస్సులో ఎవరి మొహమూ చూడలేక కిటికీకి నుదురు ఆనించి కూర్చుంది. దీనమ్మ చూపించింది ప్రేమ కాదు, భయం. ఒకప్పుడు తన తల్లి రైతు వాకిట్లో చేతులు కట్టుకుని నిలబడినట్టే, దీనమ్మ ఇప్పుడు తన వాకిట్లో నిలబడుతోంది.

ఆ వారంలోనే కాట్రేనికోనలో నెలవారీ మీటింగు. నలభై మంది టీచర్లు వచ్చేరు. సూపర్‌వైజరు శ్రీలక్ష్మి మేడం కాగితం చూసి చదువుతోంది. "మొహాల నమోదు తొంభై ఆరు శాతం అయింది. ఆ నాలుగు శాతం కూడా ఈ నెలలో..."

సుందరి లేచింది.

"ఆ నాలుగు శాతంలో ఒక రెండేళ్ళ పిల్ల ఆసుపత్రిలో ఉందండి. గుడ్లు నా దగ్గర ఉన్నాయి, నేనివ్వలేదు. కుళ్ళితే పాతిపెట్టేను గానీ ఆ పిల్ల చేతిలో పెట్టలేదు."

ఆఖరి వరసలోంచి ఎవరో, "నేను కాలవలో పారేసేనండి," అంది. ఇంకొకామె లేచింది. "మా ఊళ్ళో రొయ్యల చెరువుల కాపలాకి ఒరిస్సా నుంచొచ్చిన వాళ్ళున్నారు. వాళ్ళ పిల్లలు ముగ్గురికి నేనూ ఇవ్వలేదు." ఒకళ్ళ తర్వాత ఒకళ్ళు చెప్తున్నారు. అందరూ నేల చూపులే.

శ్రీలక్ష్మి మేడం చెడ్డ మనిషేం కాదు. "నాకు మాత్రం బాధ లేదా? కానీ దొంగ పేర్లు రాసి సరుకు అమ్ముకునేవాళ్ళు ఉండబట్టే కదా ఈ రూలొచ్చింది? ఎవరికి నచ్చిన రూలు వాళ్ళు పాటిస్తే రేపు ఏ రూలు మిగులుతుంది?" అంది.

టీచర్ల యూనియన్ నడిపే అన్నపూర్ణ టీచరు లేచింది. "దొంగల్ని పట్టుకోండి మేడం, ఎవరొద్దన్నారు? మూడు నెలల్లో ఎంతమంది దొరికేరు? రెండేళ్ళ పిల్ల దొరికింది! ఆరేళ్ళ లోపు పిల్లలకి తిండి పెట్టాలని పార్లమెంటు చేసిన చట్టం ఉంది. మొహం చూపిస్తేనే పెట్టమని పైనుంచి ఓ కాగితం వచ్చింది. చట్టం మీరుతున్నది ఎవరండీ? పెట్టేవాళ్ళా, ఆపేవాళ్ళా?"

"మాటలు బాగానే ఉన్నాయి," అందొక టీచరు. "రేపు మన ఉద్యోగాలు పోతే మన పిల్లలకెవరు పెడతారు?"

"భయం నాకూ ఉంది," అంది సుందరి. "ఆ భయంతోనే ఇంతదాకా తెచ్చేను. నేనొక్కదాన్నే ఇస్తే నన్ను తీసేస్తారు. నలభై మందిమీ ఇస్తే?"

"ఇస్తే దొంగచాటుగా కాదు," అంది అన్నపూర్ణ. "తలుపులు బార్లా తీసి, ఊరు చూస్తుండగా ఇవ్వాలి."

ఇరవై తొమ్మిది చేతులు లేచేయి. మిగతా పదకొండు మందిని ఎవరూ ఏమీ అనలేదు.

సోమవారం సుందరి గుడ్ల అట్టలు ఎత్తుకుని పేట మధ్యకి వెళ్ళింది. కెజియా ఇంటికొచ్చి రెండు రోజులైంది. జనం పోగయ్యేక గట్టిగా చెప్పింది. "దీనమ్మ ఆసుపత్రిలో నా కోసం అబద్ధమాడింది. పిల్ల తినకపోవడం కాదు, నేనే పెట్టలేదు. తప్పు నాది."

క్షమించేనని దీనమ్మ అనలేదు. సుందరి మొహంలోకే చూసింది. "మా పిల్లకి నెలకెన్ని రావాలండి?" అని అడిగింది.

సుందరి చెప్పింది.

"అయితే అన్నీ ఇచ్చెయ్యండి. పోయిన మూడు నెలలయ్యీ కూడా."

ఆ నెల ఇరవై తొమ్మిది సెంటర్లలో మొహం సరిపోని ప్రతి పిల్లకీ గుడ్లూ పాలూ అందేయి. పదిహేనో రోజున, అందరినీ కూడగట్టింది వీళ్ళేనని సుందరికీ అన్నపూర్ణకీ పోలీసు స్టేషను నుంచి కబురొచ్చింది. వాళ్ళు వెళ్ళేసరికి పేట కూడా వెనకాలే వచ్చింది.

"యాప్‌లో నమోదు లేకుండా సర్కారు సరుకు పంచేరని మీ మీద కంప్లైంటు. ఒప్పుకుంటారా?" అన్నాడు ఎస్సై.

"పంచేనండి," అంది సుందరి. "నేరం మాత్రం అది కాదు. అంతకుముందు మూడు నెలలు పంచలేదు. రాస్తే అది రాసుకోండి."

ఎస్సై పెన్ను ఆపేడు. "దానికి సెక్షను లేదమ్మా."

"లేకపోతే పెట్టండి బాబూ!" అని గుమ్మంలోంచి కేకేసింది దీనమ్మ. పిల్లని చంకనేసుకుని లోపలికొచ్చి బల్ల ముందు నిలబడింది. "ముందు నా పేరు రాసుకోండి. తీసుకున్నదాన్ని నేను."

ఆమె వెనక పేట ఆడవాళ్ళు మెట్లెక్కుతున్నారు. "మావీ రాసుకోండి" అంటూ ఒకళ్ళ తర్వాత ఒకళ్ళు పేర్లు చెప్తున్నారు.