మైనపు గొట్టంలో ఎవరు?

చేతికర్ర కొనుక్కుని వస్తానని వెళ్లిన మా అత్తగారు ఫోనోగ్రాఫు వేసుకుని వచ్చారు. పాత సామాన్ల కొట్టువాడు దాన్ని బండిలోంచి దించి, వరండాలో పెట్టి, "కీ ఇస్తే తిరుగుతుందమ్మా, గ్యారంటీ మాత్రం అడక్కండి" అని చక్కా పోయాడు. చెక్కపెట్టె, పక్కన తిప్పే చెయ్యి, పైన సొట్టలు పడ్డ తగరపు బాకా. కర్ర మాత్రం లేదు. ఆవిడ గోడ పట్టుకుని, నవ్వుతూ నిలబడ్డారు.

నేను గడియారాలు బాగుచేస్తాను. మా ఇంటి ముందుగదే నా కొట్టు. అంతమాత్రాన, కీ ఇచ్చే వస్తువులన్నీ నాకు తెలుస్తాయా?

"ఇదెందుకత్తయ్యా ఇప్పుడు?" అన్నాను. నాకు ఒళ్లు మండుతోంది.

ఆవిడ బీరువా అడుగునుంచి ఓ రేకు డబ్బా తెచ్చారు. లోపల దూది మధ్య గ్లాసంత మైనపు గొట్టం. దాని ఒంటినిండా వెంట్రుకల్లాంటి గీతలు.

"ఇందులో మా అమ్మ జోలపాట ఉందమ్మాయ్. 'నీ జోలపాటే ఇది' అంటూ మా మేనత్త ఇచ్చింది. వినడానికి మిషనే దొరకలేదు ఇన్నాళ్లూ."

ఆవిడకి రెండేళ్లప్పుడు వాళ్లమ్మ పోయింది. ఫొటో కూడా లేదు. నాన్న గురించి అడిగితే ఎప్పుడూ ఒకటే మాట. "ఆయనా? నన్ను ఒళ్లో కూర్చోబెట్టుకున్న పాపాన పోలేదు. పోయినప్పుడు నాకు ఏడుపు కూడా రాలేదు." ఆ ఇంటినుంచి ఆవిడ తెచ్చుకున్నది ఒక్క గోడ గడియారమే. ప్రతి ఆదివారం దానికి కీ ఇచ్చేది నేనే. ఎక్కడ తగిలించినా అది కుంటుతుంది. ఒక టిక్కు పొడుగు, ఒక టక్కు పొట్టి. సరిచేస్తానంటే ఆవిడ ఒప్పుకోరు. "నా చిన్నప్పట్నుంచీ అంతే, ఉండనీ" అంటారు.

నా కోపం ఎటు పోయిందో తెలియదు. వారం రోజులు ఆ పెట్టె ముందే కూర్చున్నాను. స్ప్రింగుకి బంకలా పట్టిన పాత గ్రీజు కిరసనాయిలుతో కడిగాను. ఇరుసులకి చుక్క చుక్క నూనె వేశాను. బాకాలో సాలెగూడు దులిపాను. వేగం పెంచి తగ్గించే మర ఒకటుంది. అది ఎక్కడ నిలవాలో చూపే గుర్తు అరిగిపోయింది. సరేలే, తిరుగుతోంది కదా అనుకున్నాను.

గొట్టాన్ని పైన ముట్టుకోకుండా, లోపలికి రెండు వేళ్లు పోనిచ్చి ఎత్తి, మిషనుకి తొడిగాను. సూది ఆనించాను. ముందు బరబర. ఆ బరబరలోంచి ఓ ఆడగొంతు సన్నగా జోల పాడింది. చివర్లో కీచుమని ఏదో అరిచింది.

"అమ్మే!" అన్నారు అత్తగారు.

"ఆ చివర్లో పిల్లి దూరినట్టుందే" అన్నాడు మా ఆయన. తల్లి చూసిన చూపుకి లోపలికి జారుకున్నాడు.

అక్కడితో ఊరుకుంటే నేను నేనెందుకవుతాను? పాట మరీ గబగబా సాగుతోందనిపించి మర్నాడు మర కాస్త తిప్పాను. గొంతు బొంగురుపోయింది. అత్తగారి మొహం వాడిపోయింది. "ఇదేమిటే, మా మేనత్తలా ఉంది!" కంగారుపడి అటు తిప్పితే చంటిపిల్ల పాడుతోంది. ఇటు తిప్పితే మళ్లీ మేనత్త. నాకు మతి పోయింది. ఇంతకీ ఎవరు వీళ్లంతా?

అప్పుడు చూశాను, సూది కింద సన్నటి పొడి. పాడిన ప్రతిసారీ సూది మైనాన్ని గీరేస్తోంది. దాచి ఏం లాభం, ఆవిడకి చెప్పేశాను.

"ఇంకెన్నిసార్లు వినొచ్చు?"

"తెలీదత్తయ్యా. ఇప్పటికే మసకబారుతోంది."

"మా అమ్మ గొంతు ఏదో తెలియకుండానే చెరిగిపోతుందా అయితే?"

నా చేతులు విరగ్గొట్టుకోవాలనిపించింది. ఆ తర్వాత దాని జోలికి వెళ్లలేదు.

ఆదివారం గడియారానికి కీ ఇస్తూ ఉంటే చెవికి ఏదో తగిలింది. పొడుగు, పొట్టి, పొడుగు, పొట్టి. పాట వెనకాల ఇలాగే ఓ చప్పుడు విన్నాను. నా పళ్లచక్రమేదో కొట్టుకుంటోందని తిట్టుకున్నాను కూడా. పరుగున వెళ్లి మిషన్ని గొట్టం లేకుండా తిప్పి చూశాను. ఆ చప్పుడు లేదు! ఆ పాట పాడిన గదిలో ఉన్నది ఈ గడియారమే.

అత్తగారిని దాని కింద కుర్చీలో కూర్చోబెట్టాను. "ఈ చప్పుడూ పాటలో చప్పుడూ ఎక్కడ కలిస్తే అది అసలు వేగం. అక్కడ వినిపించేదే అసలు గొంతు" అన్నాను. ఆవిడ తలూపి కళ్లు మూసుకున్నారు.

సూది దించాను. పాటలో గడియారం పరిగెడుతోంది, గోడ మీది గడియారం నింపాదిగా నడుస్తోంది. మర తిప్పాను. గొంతు దిగింది, మేనత్త వచ్చింది. ఇంకాస్త తిప్పాను. గొంతు ఇంకా దిగింది. నా వేళ్లు ఆగిపోయాయి. అది ఇక ఆడగొంతు కాదు. భయం వేసింది. వెనక్కి తిప్పేసి, ఇదిగో మీ అమ్మ అంటే ఎవరికి తెలుస్తుంది?

"ఆపావేం?" అన్నారు అత్తగారు, కళ్లు తెరవకుండానే. "ఇంకా కలవలేదుగా."

తిప్పాను. రెండు కుంటి నడకలూ ఒకటయ్యాయి.

గదిలో ఓ మగమనిషి జోల పాడుతున్నాడు. శ్రుతి లేదు. ఓ చోట మాట మరిచిపోయి మళ్లీ మొదటికి వచ్చాడు. పిల్ల ఎక్కడ లేస్తుందోనని, అంత పెద్ద గొంతునీ అణిచిపెట్టుకుని పాడుతున్నాడు.

"నాన్నా?" అన్నారు అత్తగారు. పిలిచారో, నన్ను అడిగారో తెలియలేదు.

అంతలో పాట పిల్లి అరిచే చోటికి వచ్చింది. పిల్లి కాదది. కాస్త దూరం నుంచి, నవ్వు ఆపుకుంటూ, ఓ ఆడమనిషి అంది: "పడుకుందండీ. ఇక ఆపండి."

పాట అయిపోయింది. బరబర మిగిలింది. అత్తగారి చెంపలు తడిసిపోయాయి. ఇంకోసారి వింటారేమోనని సూదిని మొదటికి జరపబోయాను. ఆవిడ నా చెయ్యి పట్టుకున్నారు.

"అమ్మ ఆపమంది కదే" అన్నారు. "ఆపు."