చాథం వంతెన దాటేలోపు

క్యాసెట్టు చక్రంలో పెన్సిలు దూర్చి, వదులైన రీలును రెండు చుట్లు బిగించాడు అప్పలరాముడు. చొక్కా అంచుతో దుమ్ము తుడిచి డ్యాష్‌బోర్డులోని ప్లేయరు నోట్లో సగం వరకూ పెట్టి వదిలేశాడు. గెస్టులు ఎక్కాకే లోపలికి తోస్తాడు. తిరిగిన ప్రతిసారీ టేపు కొంచెం అరుగుతుందని అతనికి తెలుసు. తెలిసీ రోజుకొకసారి, సీజన్లో అయితే రెండుసార్లు అరగదీస్తున్నాడు. అదే అతని ఉద్యోగం.

సెల్యులార్ జైలు గేటుకు దిగువన, వాలులో ఆపి ఉంది అంబాసిడర్. కింద మీగడ రంగు, పైన మెరూన్. ముందర రెండు ఇత్తడి దీపాలు, కిటికీలకు కుచ్చుల తెరలు, డ్రైవరు పక్కన రబ్బరు బుడగ హారను. ఈ కారు పుట్టినప్పుడు దీనికి ఇవేవీ లేవు. యజమాని మధుబాబు డెలానీపూర్ షెడ్డులో పెట్టి రెండు నెలల్లో దాన్ని దాని వయసు కన్నా ముసలిదాన్ని చేశాడు. తలుపు మీద 'పాతకాలం టాక్సీలో పాత పోర్ట్ బ్లెయిర్' అని రాయించాడు. ఆ తర్వాత ఊరి పేరే మారిపోయింది. తలుపు మీది రంగు మాత్రం మారలేదు.

అప్పలరాముడికి అరవై రెండేళ్ళు. ఎండకు కమిలిన సన్నటి మనిషి. తెల్ల యూనిఫారం, మధుబాబు పెట్టుకోమన్న అంచుల టోపీ. మెడ చుట్టూ తెల్లటి పల్చని గుడ్డ. ఆ గుడ్డ కింద, గొంతు మొదట్లో, పావలా అంత కన్నం. ఊపిరి అందులోంచే వస్తుంది, అందులోంచే పోతుంది. మాట మాత్రం ఆరేళ్ళ కిందట విశాఖపట్నం ఆసుపత్రిలోనే ఉండిపోయింది. గొంతుకు ఆనించుకుని మాట్లాడే మిషనొకటి ఇచ్చారు గానీ, అది ఒక వర్షాకాలం కూడా నిలవలేదు.

పక్క బండి డ్రైవరు కన్నబాబు టీ గ్లాసుతో వచ్చి క్యాసెట్టు వైపు చూశాడు.

"అన్నా, ఆ రీలు ఒగ్గేత్తాది సూడు. అరగంట కూకుంటే నా ఫోన్లోకి ఎక్కించేత్తానని ఎన్నిపాల్లు సెప్పాను?"

అప్పలరాముడు ఆదివారం అన్నట్టు చేత్తో సైగ చేశాడు. ఏడాదిగా అదే సైగ. ఎన్ని ఆదివారాలు వెళ్ళిపోయాయో కన్నబాబుకూ తెలుసు. ఎందుకు వెళ్ళిపోయాయో మాత్రం తెలియదు. ఆ టేపులో కన్నబాబు వినకూడని మాటలు కొన్ని ఉన్నాయి. మొత్తం పన్నెండు సెకన్లు.

జైలు గేటులోంచి ఓ జంట సూట్‌కేసులు ఈడ్చుకుంటూ వచ్చింది. పాతికేళ్ళ పిల్ల, ఆమె మొగుడు. హోటలు ఖాళీ చేసి వచ్చేశారట, మూడున్నరకు విమానమట, ఆలోగా ఊరు చూడాలట. బుకింగూ గట్రా ఏమీ లేదు. కారు చూసి ముచ్చటపడి వచ్చారు.

"ప్రవీణ్, ఈ హారన్ చూడు, ఎంత క్యూట్‌గా ఉందో," అంది పిల్ల.

"ఎక్కు జానూ, టైమవుతోంది," అన్నాడతను.

అప్పలరాముడు సామాను డిక్కీలో పెట్టి, జేబులోంచి అట్టముక్క తీసి చూపించాడు. ఇంగ్లీషులోనూ హిందీలోనూ మధుబాబు అచ్చు వేయించింది: డ్రైవరు మాట్లాడలేరు, వినగలరు. అలాంటి అట్టలు అతని దగ్గర ఏడున్నాయి. టికెట్ ఇక్కడ కొనండి. ఇరవై నిమిషాలు ఆగుతాం. తలుపు గట్టిగా వేయకండి. ఆ ఏడు మాటలతోనే ఆరేళ్ళు నెట్టుకొచ్చాడు.

"అయ్యో, సారీ అంకుల్," అంది ఆ పిల్ల. తలుపు మెల్లగా వేసింది.

క్యాసెట్టు లోపలికి తోశాడు. కాస్త గరగర. తర్వాత కారంతా నిండిపోయింది అతని గొంతు.

"అయ్యా, అమ్మా, నమస్తే. నా పేరు అప్పలరాముడు. ఇయ్యాల మీకు పోర్ట్ బ్లెయిర్ నేను సూపిస్తాను. ఆరామ్ సే కూకోండి. బండి పాతదే గానీ బ్రేకులు కొత్తవి."

వెనక ఇద్దరూ నవ్వారు. అక్కడ అందరూ నవ్వుతారు.

"అంకుల్, ఇది మీ వాయిసేనా?"

అద్దంలోకి చూసి తలూపాడు.

మంచి గొంతు అది. ఒకప్పుడు ఈ గొంతు కోసమే తెలుగు టూరిస్టులు పేరు పెట్టి అడిగి మరీ అతని బండి ఎక్కేవారు. సిక్కోలు తీరం నుంచి వల భుజాన వేసుకుని వచ్చిన నూకన్న కొడుకు, వేట పడవెక్కితే వాంతులు చేసుకునేవాడు. అయినవాళ్ళంతా నవ్వితే, పౌరుషానికి పోయి డ్రైవరయ్యాడు. ఇరవై ఎనిమిదేళ్ళు పొద్దస్తమానం మాట్లాడి మాట్లాడి, సాయంత్రం ఫెర్రీలో బాంబూఫ్లాట్‌లోని ఇంటికి చేరేసరికి అతనిలో మాట మిగిలేది కాదు. కంచం ముందు కూర్చుని తినేవాడు, లేచేవాడు.

"నీ మాటలన్నీ ఆ కారుకే పెట్టేత్తన్నావు. నాకేటి మిగిల్సినావు మావా?" అనేది అతని భార్య. వాళ్ళ ఇళ్ళల్లో మొగుడూ పెళ్ళాం ఒకరి పేరొకరు పలకరు. ఆవిడకు అతను మావ. అతనికి ఆవిడ 'ఇదిగో'. ఆ 'ఇదిగో' కూడా పని పడితేనే.

టేపును ఆపే మీట ఎప్పుడో విరిగిపోయింది, ఇంజను ఆపితేనే టేపూ ఆగుతుంది. అందుకని టేపు ఎలా నడిస్తే కారు అలా నడవాలి. ఆబర్డీన్ బజారు గడియారస్తంభం గురించి గొంతు చెబుతుండగా స్తంభం కనబడాలి. ఈ ఆరేళ్ళలో వన్‌వేలు మారాయి, బండ్లు పెరిగాయి. బజారులో బస్సు వెనక ఇరుక్కుంటే, గొంతు తన పాటికి తాను డెలానీపూర్ వెళ్ళిపోతుంది. అప్పుడు అతను సందుల్లోంచి తిప్పి, తన గొంతును తనే తరుముకుంటూ వెళ్ళి పట్టుకుంటాడు. ఇవాళ హాడో రేవు దగ్గర పట్టుకున్నాడు.

"ఇదిగో బాబూ, ఈ హాడోలోనే మా నాయన ఓడ దిగినాడు," అంటోంది టేపు. గొంతు కొంచెం సాగింది. నిన్న ఇంత సాగలేదు. అప్పలరాముడి చెయ్యి ప్లేయరు మీదకు పోయి, ఏమీ చెయ్యలేక స్టీరింగు మీదకు తిరిగొచ్చింది.

ముందు చాథం వంతెన ఉంది.

ఆపరేషనుకు వెళ్ళబోయే ముందు రోజు రికార్డు చేసిన టేపు అది. గొంతు పోతుందని తెలిసి మధుబాబే ఆ ఆలోచన చెప్పాడు. టేపురికార్డరు పట్టుకోవడానికి మనిషి కావలసొచ్చి, భార్యను ముందు సీట్లో కూర్చోబెట్టుకున్నాడు. ఆ కారులో ఆవిడ ఎక్కింది ఆ ఒక్కరోజే. కొత్తచీర కట్టుకుంది. రికార్డరు ఒళ్ళో పెట్టుకుని, ఊరంతా అతని నోటి వెంట ఊపిరి బిగబట్టి వింది. వంతెన మీదకు వచ్చాక, అవతల నీళ్ళకు ఆవల బాంబూఫ్లాట్ కనిపించగానే, నోరు తెరిచింది.

ఆ చోటు వచ్చేసరికి అతను రోజూ సౌండు పూర్తిగా తగ్గించేస్తాడు. అవతల కలప కోసే సామిల్లు గేటు వచ్చాక పెంచుతాడు. ఆవిడ మూడు రోజుల జ్వరంతో పోయి పద్నాలుగు నెలలైంది. పోయాక ఆ చోటును రెండే రెండుసార్లు విన్నాడు. సౌండు తగ్గించినా రీలు అరుగుతుందని తెలిసీ, వింటే ఇంకా అరిగిపోతుందన్నట్టు మళ్ళీ వినలేదు.

ఇవాళా వంతెన ఎక్కగానే సౌండు మీట మీద చెయ్యి వేశాడు.

"అంకుల్, ప్లీజ్ తగ్గించకండి. వీడియో తీస్తున్నా," అంది జాను. ఫోను అతని భుజం మీదుగా ముందుకు చాచి పట్టుకుంది.

చెయ్యి ఆగింది. ఎందుకాగిందో అతనికే తెలియదు. గెస్టు మాట కాదనని అలవాటు కావచ్చు. వినాలన్న ఆశ కూడా కావచ్చు.

"మావా," అంది టేపు. ఆవిడ గొంతు బరువుగా, సాగుతూ వచ్చింది. "టేపులో నా పేరొకపాలి సెప్పు మావా. ఆపరేషనయిపోతే మరి పిలవనేవు గదా."

"గెస్టులింటారే. ఊరుకో."

గాజుల చప్పుడు. టైర్ల చప్పుడు. తర్వాత ఆవిడే, చాలా మెల్లగా: "సరేలే."

"ఎదురుగా కనపడేది చాథం సామిల్లు," అని గొంతు అందుకుంది.

"ఎవరా ఆంటీ? సో స్వీట్," అని నవ్వింది జాను. ప్రవీణ్ కూడా నవ్వాడు. అప్పలరాముడికి రోడ్డు అలుక్కుపోయింది. సామిల్లు గేటు ఇంకా రానేలేదు, టేపు కీచుమంది. గొంతు మూలిగి, ఆగిపోయింది.

కారు పక్కకు తీసి క్యాసెట్టు లాగాడు. క్యాసెట్టు వచ్చింది గానీ రీలు రాలేదు. లోపలి చక్రానికి చుట్టుకుని బిగిసిపోయింది. పెన్సిలుతో, గోళ్ళతో, చివరికి పళ్ళు బిగించి లాగాడు. మూర పొడుగున బయటికొచ్చింది, నలిగి, మెలికపడి, రెండు చోట్ల తెగి. ప్లేయరు ఎప్పుడూ అప్పుడే పాడిన ముక్కనే మింగుతుంది. అంటే వంతెన ముక్క. నలిగిన రీలును వేళ్ళమీద సాపు చేయబోతే పొడిపొడిగా రాలింది.

"ఫరవాలేదు అంకుల్, మేం గూగుల్లో చూసుకుంటాం," అన్నాడు ప్రవీణ్.

ఇరవై నిమిషాలు ఆగుతాం అన్న అట్ట చూపించి, వాళ్ళను సామిల్లులోకి పంపించాడు. వాళ్ళు వెళ్ళాక స్టీరింగు మీద తల పెట్టుకున్నాడు. ఏడిస్తే కన్నంలోంచి ఈలలాంటి చప్పుడు వస్తుంది. రోడ్డున పోయేవాళ్ళు ఆగి చూస్తారు. గుడ్డ అదిమిపట్టుకుని ఏడ్చాడు.

అప్పుడు గుర్తొచ్చింది. ఆ పిల్ల ఫోన్లో ఉంది. పన్నెండు సెకన్లూ ఉన్నాయి.

ఆ తర్వాత ఊరు అతనికి కనపడలేదు. కార్బిన్స్ కోవ్ బీచి దగ్గర వాళ్ళు దిగి నీళ్ళలోకి వెళ్ళగానే అట్టలన్నీ తీసి చూశాడు. ఏడింట్లో ఒక్కటీ ఈ మాట చెప్పదు. చిన్న నోటుపుస్తకం తీసి రాయడం మొదలుపెట్టాడు. చదివింది తెలుగు బడిలో, నాలుగో తరగతి దాకా. హిందీ నోటికి వచ్చు, చేతికి రాదు. రెండు కాగితాలు చింపేశాడు. మూడోదాంట్లో ఇలా వచ్చింది:

'అమ్మా మీ ఫోనులో వంతెన కాడ తీసినదాంట్లో నా బారియ మాట ఉంది. నా కాడున్నది పాడయిపోయింది. మీ కాడున్నది నాకు ఇప్పించండి. దాని పేరు'

అక్కడ పెన్ను ఆగింది. పేరు రాయక్కర్లేదు. రాయకపోయినా ఆ పిల్లకు అర్థమవుతుంది. ముప్ఫై నాలుగేళ్ళ కాపురంలో ఒక్కసారి కూడా పలకని పేరు. చుట్టూ చూశాడు. వినేవాళ్ళెవరూ లేరు. ఉన్నా ఇప్పుడు ఏం వింటారు? కాగితం చిరిగేంత గట్టిగా అదిమి రాశాడు: గురమ్మ.

విమానాశ్రయం బయట కారు ఆపి, సామాను దించకముందే, వెనక్కి తిరిగి కాగితం జాను చేతికిచ్చాడు.

ఆమె అటూ ఇటూ తిప్పి చూసింది. "అయ్యో అంకుల్, నాకు తెలుగు మాట్లాడడమే వచ్చు. చదవడం రాదు. ప్రవీణ్, నువ్వు చూడు."

"నేను బెంగళూరులో చదివా కదా. హిందీ అయితే చదువుతా," అన్నాడతను. గడియారం చూసుకున్నాడు. "టిప్ అడుగుతున్నాడేమో ఇవ్వు జానూ."

అప్పలరాముడు తల అడ్డంగా ఊపాడు. ఆమె ఫోనును చూపించాడు. నలిగిన రీలును ఎత్తి చూపించాడు. మళ్ళీ ఫోను, మళ్ళీ తన గుండె. నోరు తెరిచి పెదవులు కదిపాడు. గుడ్డ పైకి లేచి పడింది.

జాను ముఖం చిన్నబోయింది. "అర్థమైంది అంకుల్. అడక్కుండా వీడియో తీశాను, అదే కదా? మీ పర్సనల్ మాటలున్నాయి అందులో. నిజంగా సారీ." ఫోను తెరిచింది. వేలితో రెండుసార్లు నొక్కింది. "ఇదిగో చూడండి, తీసేశా. ట్రాష్‌లోంచి కూడా తీసేశా. ఎక్కడా పెట్టను, ప్రామిస్."

అతను రెండు చేతులూ ఎత్తాడు. వద్దని ఎత్తాడు. అప్పటికే అయిపోయింది. దణ్ణం పెడుతున్నాడనుకుని ఆమె తిరిగి దణ్ణం పెట్టింది. మంచి పిల్ల. కళ్ళల్లో నీళ్ళు కూడా తిరిగాయి. డబ్బు సీటు మీద పెట్టి, సూట్‌కేసు తనే దించుకుంది.

టికెట్టు లేనివాళ్ళను గేటు దాటనివ్వరు. గేటు దాకా వెళ్ళి నిలబడ్డాడు. ఆమె లోపలికి వెళుతూ ఒకసారి వెనక్కి తిరిగి చెయ్యి ఊపింది. అద్దాల తలుపు మూసుకుంది. గేటు దగ్గర పోలీసు, "భయ్యా, గాడీ హటాఓ," అన్నాడు.

బండి పక్కకు తీశాడు. విమానం లేచేదాకా అక్కడే కూర్చున్నాడు. అది ఊరి మీదుగా తిరిగి సముద్రం వైపు పోయింది. దాంతో అతనికి పనేమీ లేదు, అందులో ఏమీ లేదు. అయినా కనపడినంతసేపూ చూశాడు. తర్వాత గుడ్డ సర్దుకుని, ఎవరూ లేని ముందు సీటు వైపు తిరిగి, నోరు తెరిచి ఆ పేరు అన్నాడు. పెదవులు మూడు అక్షరాలూ సరిగ్గానే పలికాయి. గాలి వచ్చింది. గాలి తప్ప ఏమీ రాలేదు.

సాయంత్రం షెడ్డులో మధుబాబు ప్లేయరు విప్పి చూశాడు. "పోన్లే బాబాయ్, నువ్వు బెంగపెట్టుకోకు. రేపట్నుంచి కొత్త గైడు గొంతు పెన్‌డ్రైవులో పెట్టిద్దాం," అని దయగా భుజం తట్టాడు. అప్పలరాముడు తలూపి, తాళంచెవులు మేకుకు తగిలించి, టోపీ తీసి పక్కన పెట్టి, బాంబూఫ్లాట్ ఫెర్రీకి నడిచి వెళ్ళిపోయాడు.

వెనక సీటు మీద, జాను దిగేటప్పుడు వదిలేసిన చోటే, నోటుపుస్తకం కాగితం తెరుచుకుని పడివుంది. దాని చివర పెన్ను దిగబడిన చోట గురమ్మ పేరు అవతలి వైపుకు చిల్లులు పడింది.