అన్నయ్యకి పంపిన వీడియో

మలేషియాలోని ఇపో ఊళ్ళో కాంతయ్యగారి పదో రోజు కర్మ. ఆయన చెల్లెలు రత్నావతి గుమ్మంలో అడుగుపెట్టగానే వదిన లోగేశ్వరి మొహం తిప్పుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది. అమ్మానాన్న పోయాక రత్నావతికి పుట్టిల్లంటే ఈ గుమ్మమే. ఆలస్యంగా వచ్చినందుకు కోపమనుకుంది ఆవిడ. అది కాదని, వెంట వచ్చిన తన కోడలు షర్మిలకు తెలుసు. తెలిసీ బెల్లం కొట్టిన రాయిలా కూర్చుంది.

సంగతేమిటంటే, అత్తాకోడళ్ళిద్దరూ నార్వే వైపు ఓడ ప్రయాణం వెళ్ళారు. బెర్గెన్ రేవులో ఓడ ఒక్క పగలే ఆగుతుంది. అక్కడ కొండ రైలెక్కి పైనుంచి ఊరంతా చూడాలని రత్నావతికి ఎన్నాళ్ళనుంచో ముచ్చట. ఓడ దిగితే ఆవిడ ఫోన్ పనిచెయ్యదు. టికెట్ల వరసలో నిలబడ్డారో లేదో, షర్మిల ఫోన్ మోగింది. కాంతయ్యగారి కొడుకు రాజన్. నాన్న పోయాడు, అత్తకి మెల్లగా చెప్పు అన్నాడు.

చెప్పొద్దూ మరి! చెబితే ఆవిడ అక్కణ్ణుంచే వెనక్కి వెళ్ళి తలమీద నీళ్ళు పోసుకుంటుంది, ఆ పూట పచ్చి మంచినీళ్ళు ముట్టదు. ఎలాగూ దహనానికి అందుకోలేం, సాయంత్రం ఓడెక్కాక చెబుదాం అనుకుంది మహాతల్లి. అత్తగారి సంతోషం కోసమే అనుకుంది. కొండెక్కాలని తనకూ మహా సరదాగా ఉందన్న సంగతి మాత్రం లోలోపల కూడా ఒప్పుకోలేదు.

కొండమీద వాన వెలిసింది. కింద రేవు పొడవునా రంగురంగుల చెక్క ఇళ్ళు. చీరమీద స్వెట్టరు, చేతిలో ఐస్‌క్రీము, రత్నావతి చిన్నపిల్లలా మురిసిపోయింది. వీడియో తియ్యమని, ఇపో యాసలోనే మొదలెట్టింది. "అన్నయ్యా, సూడు లా, నానెక్కడున్నానో. నీకూ ఐస్‌క్రీము కావాలేటి?" అని నవ్వింది. అన్నయ్యకి ఇప్పుడే పంపమంటూ ఫోన్‌లోకి తొంగిచూసింది.

వద్దంటే ఎందుకంటుంది. షర్మిల పంపేసింది. కాంతయ్యగారి ఫోన్ అప్పుడు శవం పక్కన కూర్చున్న రాజన్ చేతిలో ఉంది. ఏమిటోనని నొక్కాడు. ఏడుస్తున్న జనం మధ్య రత్నావతి నవ్వు మోగింది. సాయంత్రం ఓడెక్కాక, కబురు ఇప్పుడే వచ్చిందన్నట్టు అత్తకి చెప్పింది షర్మిల.

ఇవాళ కర్మ ముగిశాక, బంధువులందరి ముందూ, రాజన్ ఆగలేకపోయాడు.

"అత్తా, నాన్న పోయినాడని తెలిసినాకే ఆ వీడియో పంపినావా?"

రత్నావతికి ముందు అర్థం కాలేదు. వీడియోకి ముందే షర్మిలకు ఫోన్ చేసి చెప్పాను కదా అన్నాడతను. ఆవిడ మెల్లగా తిరిగి కోడలివంక చూసింది. షర్మిల తల ఎత్తలేదు.

"తెలుసురా. బుద్ధి గడ్డి తిని పంపినాను," అంది రత్నావతి.

షర్మిల లేచి, కాదు, తనే దాచానని, అత్తకు ఏమీ తెలియదని ఏడుస్తూ చెప్పింది. ఒక్కరూ నమ్మలేదు. నోరు మూసుకోమని అత్తే కసిరి బయటికి నడిచింది. గేటుదాకా వెనకే పరిగెత్తిన కోడలితో గొంతు తగ్గించి అంది:

"నా అన్న లేడు, నాకింకేటుంది ఈడ. నా కొడుక్కి ఇది మేనమామ ఇల్లు. నువ్వు రావాల, పోవాల. ఎల్లి తిను."

లోగేశ్వరి వచ్చి షర్మిల చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళింది. అత్త తప్పు నెత్తిన వేసుకునే కోడలు ఎవరికి దొరుకుతుందమ్మా అని తల నిమిరి, ఆకు వేసి, దగ్గరుండి వడ్డించింది. షర్మిల అన్నం కలిపింది. బయట ఎండలో, తాళం వేసిన తమ కారు పక్కన రత్నావతి నిలబడి ఉంది.