కుండలో గోధుమ కుదురు

వానలు తగ్గుముఖం పట్టాయి. వానలు వెళ్ళాక కొత్త సంవత్సరానికి పసుపుగా పూసే అదేయ్ మొక్కలు గట్టు మీద నడుము దాకా పెరిగాయి, ఇంకా పూయలేదు. ఒక ఆకు తిప్పి చూశాను. అడుగున నారింజరంగు పొక్కులు. రాస్తే వేలికి పొడి అంటింది.

ఎవరికీ చెప్పలేదు. అయినా మర్నాటికల్లా చెకోల్ కంటపడింది.

గట్టుకు అవతల చెకోల్ చేను, ఇవతల నాది. ఇద్దరమూ గోధుమే వేశాం. నిరుడు తుప్పు తెగులు అతని చేనును మొత్తం తినేసింది. నూరిస్తే పొట్టు తప్ప గింజ రాలలేదు. ఆ ఏడు అతని పిల్లలు తలో చుట్టం ఇంట్లో తిన్నారు. అందుకే ఆకు మీద పొడి చూడగానే అతని ముఖంలో నెత్తురు లేదు.

"బిర్లే అన్నా, తుప్పు మళ్ళీ వచ్చింది. గట్టు మీద కూర్చుని నా చేను వంకే చూస్తోంది. ఊరందర్నీ పిలుస్తా. గట్టంతా పీకి తగలబెట్టేద్దాం."

"వద్దు," అన్నాను.

"ఎందుకొద్దు? నీ తేనెటీగల కోసమా?"

"ఔను."

"నా పిల్లల నోటికన్నా నీ ఈగల నోరు పెద్దదైపోయిందా?"

మా చూరు కింద పేడ మెత్తిన బుట్టగూళ్ళు వేలాడుతుంటాయి. వానలన్నాళ్ళూ తేనెటీగలు పస్తులుంటాయి. అదేయ్ పూస్తేనే వాటికి తిండి, నాకు తేనె. నాగలి మీద చెయ్యి నిలవని వయసు వచ్చాక మా ఇంటికి ఉప్పూ కాఫీ వచ్చేది ఆ తేనెతోనే. గట్టు బోడిదైతే ఈగలు ఇంకో కొండ చూసుకుంటాయి.

మంచికో చెడుకో, మర్నాడు దేవదూత మిఖాయేలు దినం. ఆ రోజు చేలో కొడవలి పెట్టకూడదు. కుదురుగా కూర్చుని ఆలోచించడానికి నాకు ఒక పగలు దొరికింది.

బార్లీ కల్లు పులియబెట్టే కుండ ఒకటి మెడ విరిగి పెరట్లో పడి ఉంది. నా చేలోంచి ఒక గోధుమ కుదురును మట్టితో సహా తెచ్చి అందులో పెట్టాను. జబ్బు పట్టిన అదేయ్ ఆకులు తెచ్చి, తడి చేత్తో ఆ పొడిని గోధుమ ఆకులకు పూశాను. మంచు పట్టినట్టు ఉండాలని రాత్రికి తడి గోనె కప్పాను. తరువాత చెకోల్‌ను పిలిచి చూపించాను.

"కొత్త సంవత్సరం దాకా ఆగు. దీనికి తుప్పు వస్తే నేనే కొడవలి పట్టుకుని వస్తా. ఆ గూళ్ళు కూడా నేనే దించేస్తా. రాకపోతే గట్టు జోలికి పోవద్దు."

మా ఆవిడ వుడె గుమ్మంలోంచి చూస్తోంది. "ఏడాదికి సరిపడా మాటలు ఇవాళే ఖర్చుపెట్టేశాడు. ఇక పండక్కి మూగాయనే," అంది.

చెకోల్ నవ్వలేదు. కుండ చుట్టూ తిరిగాడు. "ఈలోగా నా చేలో ఒక్క తుప్పు చుక్క కనపడితే మాత్రం ఆగను," అన్నాడు.

అక్కడితో అయిపోలేదు. కుండ సంగతి ఊరంతా పాకింది. పొద్దున ఒకరు, సాయంత్రం ఇద్దరు. వచ్చినవాళ్ళకు కాఫీ పోయకుండా పంపకూడదు కదా.

"నీ గోధుమ నీళ్ళకన్నా నా కాఫీ ఎక్కువ తాగుతోందయ్యా," అనేది వుడె.

నేను మాత్రం రోజూ రాత్రి గోనె కప్పి, తెల్లవారుతూనే ఆమె లేవకముందే తీసి ఆకులు ఒక్కొక్కటీ తిప్పి చూసేవాణ్ణి.

పండగ దగ్గర పడింది. ఒక మధ్యాహ్నం నేను గూళ్ళ దగ్గర ఉన్నాను. పెరట్లోంచి చెకోల్ కేక వినిపించింది.

"వచ్చేసింది! రండిరా, తుప్పు వచ్చేసింది!"

వెళ్ళి చూశాను. గోధుమ ఆకుల మీద ఎర్రగా చుక్కలు చుక్కలుగా పొడి. అప్పటికే ఇద్దరు ముగ్గురు కొడవళ్ళతో వచ్చారు.

చెకోల్ ఆకు మీద వేలు రాసి అందరికీ ఎత్తి చూపించాడు. "చూశారా? ఈ ఏడు కూడా నా పిల్లలు..." అంటూ అదే వేలితో కళ్ళు తుడుచుకున్నాడు.

తుడుచుకున్నవాడు ఎగిరి గంతేశాడు. "అమ్మో! చచ్చాన్రో! కళ్ళు! కళ్ళు!"

వుడె రోటి దగ్గరనుంచి పరుగున వచ్చింది. చేతులు ముంజేతుల దాకా ఎర్రగా ఉన్నాయి. పండగకు కారం దంచుతోంది.

"అయ్యో నాయనా, అది తుప్పు కాదు, నా కారం! గాలికి ఎగిరింది," అంటూ చెంబుతో నీళ్ళు కొట్టింది. కొడవళ్ళు తెచ్చినవాళ్ళు నేలమీద కూర్చుండిపోయి నవ్వారు. నేను తడి గుడ్డతో ఆకులు తుడిచాను. పొడి కింద ఆకు పచ్చగా, నున్నగా ఉంది. తుప్పయితే పొడి తుడిచినా పొక్కు పోదు. ఆకు తోలు చీల్చుకుని వస్తుంది.

చెకోల్ ఎర్రబడ్డ కళ్ళతో ఆ ఆకును తనే ఇంకోసారి తుడిచి చూశాడు. ఆ రోజు రెండు గిన్నెలు కాఫీ తాగి వెళ్ళాడు.

కొత్త సంవత్సరం నాడు గట్టంతా పసుపు. ఆకులకు జబ్బు జబ్బే, పూలకు మాత్రం ఏమీ లేదు. కుండలో గోధుమ వెన్ను తీసింది. ఆకు మీద మచ్చ లేదు. ఇంకో దారిన తుప్పు వస్తుందేమో, నేను చెప్పలేను. ఈ గట్టు మీదనుంచి మాత్రం రాదు.

మా మనవరాలు ఫెంటాయే తోటి పిల్లలతో అదేయ్ పూలకట్టలు పంచుతూ, పాడుకుంటూ ఇల్లిల్లూ తిరిగింది. నేను వెనకే నడిచాను. చెకోల్ తన వాకిట్లో పిల్లలకు రొట్టె విరిచి పెట్టాడు. పూలకట్ట అందుకుని, సంతలో మేక పళ్ళు చూసినట్టు ఆకులు తిప్పి తిప్పి చూశాడు. వేలికి నారింజపొడి అంటింది.

"మావయ్యా, కంట్లో పెట్టుకోకు!" అంది ఫెంటాయే. పిల్లలంతా గొల్లుమన్నారు.

చెకోల్ కూడా నవ్వాడు. వేలు పంచెకు తుడుచుకుని, ఆ కట్టను తన గుమ్మానికి గుచ్చాడు.

"అన్నా, తేనె తీసే రోజు చెప్పు. పొగ నేను పెడతా," అన్నాడు.

"సరే," అన్నాను.